ఇరవై రెండు పదవులు, ఒక ఉమ్మడి సభ్యుడు

"సాక్షాత్తూ అగ్నిదేవుడైనా సరే, దరఖాస్తు పెట్టుకుని, అధ్యక్షులవారి అనుమతి పొంది మరీ అడుగుపెట్టవలసిన ఏకైక ప్రదేశం మా గ్రీన్ టౌన్‌షిప్!"

మా స్వచ్ఛంద అగ్నిమాపక దళం చరిత్రని ఈ వాక్యంతోనే మొదలుపెట్టాలని నాకు ఆదేశం. ఆదేశించింది అధ్యక్షులవారే. నేను దళం కార్యదర్శిని. పేరు పెంచలయ్య, మాది నెల్లూరు పక్కన, ఉద్యోగం క్యాంపు ఆఫీసులో గుమాస్తా. వార్షికోత్సవం సావనీర్‌లో అచ్చయిన చరిత్ర ఒకటుంది. అందులో అగ్నిదేవుడు మమ్మల్ని చూసి గజగజా వణికిపోయాడు. ఇప్పుడు చెప్పబోయేది అచ్చుకానిది. ఇందులో వణికింది మేమే.

ఒమన్‌లో రుస్తాఖ్ ఊరు దాటాక పన్నెండు కిలోమీటర్ల అవతల, కొండల మధ్య మా కంపెనీ కట్టిన క్యాంపు ఇది. పేరు గ్రీన్ టౌన్‌షిప్. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టు, పచ్చగా ఉండేవి రెండే రెండు: మెయిన్ గేటూ, మెస్సులో ప్లాస్టిక్ కుర్చీలూ. ఆరువందల మంది ఉంటాం. అందులో సగం తెలుగువాళ్ళం. క్లినిక్‌లో నర్సులూ, ఆఫీసులో స్టాఫూ ఎక్కువమంది కోస్తా వైపు. సైట్ మీద పనివాళ్ళు ఎక్కువమంది తెలంగాణ వైపు.

2013 మొదట్లో అల్ ఖువైర్‌లోని హెడ్డాఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది. ప్రతి క్యాంపులోనూ పన్నెండు మందితో స్వచ్ఛంద అగ్నిమాపక దళం ఉండాలి, పేర్లు రెండ్రోజుల్లో పంపాలి. మా అడ్మిన్ మేనేజర్ ప్రసాద్ బాబు గారు ఆ కాగితం చదివి కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. పెద్దాయనకి ఎన్నాళ్ళనుంచో ఏదో ఒక సంఘానికి అధ్యక్షుడవ్వాలని కోరిక. ఇన్నాళ్ళకి కంపెనీయే పిలిచి పీట వేసింది.

ఆ సాయంత్రమే మెస్సులో సభ. అధ్యక్షుడు ప్రసాద్ బాబు గారు, ఏకగ్రీవం. గౌరవాధ్యక్షుడు ఒకరు. ఉపాధ్యక్షులు ఇద్దరు: స్టోర్ కీపర్ జెరెమియా, ఫోర్‌మన్ భీమన్న. కార్యదర్శిని నేను. సంయుక్త కార్యదర్శి, సహాయ కార్యదర్శి, కోశమేమీ లేకపోయినా కోశాధికారి, ప్రచార కార్యదర్శి, ముఖ్య సలహాదారు. నిప్పార్పే దళానికి సాంస్కృతిక కార్యదర్శి ఎందుకని క్లినిక్ నర్సు మణికుమారి గారు వెనక బెంచీలోంచి అడిగారు. "సంస్కృతి లేని దళం దళమే కాదమ్మా!" అన్నారు అధ్యక్షులవారు. చప్పట్లు! లెక్క చూస్తే పదకొండు మంది తేలారు. పన్నెండోవాడు కావాలి. పదవులేమో అయిపోయాయి.

సరిగ్గా అప్పుడే బాత్‌రూమ్‌లో కుళాయి కారుతోందని చెప్పడానికి బి బ్లాకు నుంచి ఇస్తారి వచ్చాడు. సెంట్రింగ్ పని చేస్తాడు, జగిత్యాల వైపు మనిషి. కంపెనీలో చేరి మూడు నెలలైంది.

"ఏవయ్యా, నీ పేరేంటి?" అన్నారు ప్రసాద్ బాబు గారు.

"ఇస్తారి సారు. నల్ల కారుతుంది..."

"రాసుకో పెంచలయ్యా. ఇస్తారి, సభ్యుడు."

అలా మా దళంలో సభ్యుడనేవాడు ఒక్కడే అయ్యాడు. మిగతా అందరం నాయకులం. నెలకోసారి డ్రిల్లు జరిగేది. పదకొండు మందిమి నిలబడి ఆజ్ఞలిచ్చేవాళ్ళం, ఇస్తారి ఇసక బకెట్లు పట్టుకుని పరిగెత్తేవాడు. "ఎడమకి!" అని ఒకరు, "కుడికి!" అని ఒకరు, "ఆగి చిరునవ్వు నవ్వు, ఫోటో!" అని ప్రచార కార్యదర్శి. పాపం, అన్నీ చేసేవాడు.

ఇలా సజావుగా సాగుతున్న దళానికి 2014 జూన్‌లో పెద్ద పరీక్ష వచ్చింది. నిప్పు కాదు. అక్కడ రాష్ట్రం రెండైంది.

మర్నాడు పొద్దున్నే భీమన్న పదిమందిని వెంటబెట్టుకుని ఆఫీసుకొచ్చాడు. "అక్కడ వేరువడ్డంక ఇక్కడ కలిసుండుడు ఏం న్యాయం సారు? మా దళం మాగ్గావాలె" అన్నాడు. ప్రసాద్ బాబు గారు గంభీరంగా లేచి, "విడిపోదాం. కానీ పంపకాలు శాస్త్రోక్తంగా జరగాలి!" అన్నారు. చుట్టూ ఐదువందల మైళ్ళలో మమ్మల్ని విడిపొమ్మన్నవాడు గానీ, కలిసుండమన్నవాడు గానీ ఎవడూ లేడు. అయినా విడిపోయాం.

నిప్పార్పే ఎర్ర సిలిండర్లు ఎనిమిది. చెరి నాలుగు. ఇసక బకెట్లు పన్నెండు. చెరి ఆరు. క్యాంపు ఆఫీసు పదేళ్ళపాటు ఉమ్మడి. రబ్బరు స్టాంపూ, దాంతోపాటు నేనూ ఉమ్మడి. ఇటు పదకొండు పదవులు, అటు పదకొండు పదవులు, రెండింట్లోనూ నేనే కార్యదర్శిని. మెస్సు గోడకి చుట్టిపెట్టిన ముప్పై మీటర్ల నీళ్ళ పైపు దగ్గర మాత్రం మూడు రోజులు పీటముడి పడింది. చివరికి వర్క్‌షాపు నుంచి బ్లేడు తెప్పించి, టేపు పెట్టి కొలిచి, సరిగ్గా పదిహేనో మీటరు దగ్గర కోశారు. మిల్లీమీటరు తేడా లేదు! కుళాయికి బిగించే కొస ప్రసాద్ బాబు గారి వాటాకి వచ్చింది. నీళ్ళు చిమ్మే ఇత్తడి మూతి భీమన్న వాటాకి వచ్చింది.

"నీళ్ళు మావి!" అన్నారు ప్రసాద్ బాబు గారు విజయగర్వంతో.

"ఉండనీ. మూతి మాది!" అన్నాడు భీమన్న.

ఇద్దరూ గెలిచారు. పైపు ఒక్కటే ఓడిపోయింది.

ఇక మిగిలింది ఇస్తారి. ఊరు చూస్తే జగిత్యాల, కాబట్టి మావోడే అన్నాడు భీమన్న. ఉండేది బి బ్లాకు, అది మా వైపు బ్లాకు కాబట్టి స్థానికత ఇక్కడిదేనన్నారు ప్రసాద్ బాబు గారు. అతని మీద ప్రేమతో కాదు. సర్క్యులర్ ప్రకారం ఒక్క సభ్యుడైనా లేకపోతే దళం చెల్లదు. మనిషిని కొయ్యడానికి బ్లేడు పనికిరాదు కనక, "ఉమ్మడి సభ్యుడు, విభజన పెండింగ్" అని ఫైలులో రాసి స్టాంపు కొట్టాను. ఆ స్టాంపు వాడి బతుకు మీద పడుతుందని అప్పుడు నాకు తట్టలేదు.

2015 జనవరిలో ఇస్తారి లీవ్ కాగితం పట్టుకుని నా టేబుల్ దగ్గర నిలబడ్డాడు. రెండేళ్ళు నిండాయి, లీవ్ వాడి హక్కు. కానీ దళం సభ్యుడెవరైనా లీవ్‌కి పోవాలంటే దళాధ్యక్షుడి ఎన్‌ఓసీ ఉండాలని ఆ సర్క్యులర్‌లోనే తొమ్మిదో పేరా. మా పదవులవాళ్ళకి ఆ బాధ లేదు, మేం సభ్యులం కాదు గదా!

"సారు, పిల్లకు పుట్టెంటికలు తియ్యాలె" అన్నాడు ఇస్తారి. వాడు ఒమన్ వచ్చేనాటికి భార్య శ్రీలతకి అయిదో నెల. 2013 ఏప్రిల్‌లో ఆడపిల్ల పుట్టింది. "నా ఒళ్ల కూసొవెట్టుకొని తీపిస్తనని ఏములాడ రాజన్నకు మొక్కిన. పదకొండో నెలల నేను పోలే. మూడో ఏడన్న తియ్యాలె. అది దాటితే మల్ల అయిదో ఏడే. సరి ఏట్ల తియ్యరు గద సారు."

"దానికేం, సంతకాలు పెట్టిస్తా" అన్నాను.

ఎంత తేలిగ్గా అన్నానో! ప్రసాద్ బాబు గారి దగ్గరికి పోతే ఆయన కలం తీసి, మళ్ళీ మూత పెట్టేశారు. "చూడు పెంచలయ్యా, పొమ్మని నేను ముందు సంతకం పెట్టాననుకో, సభ్యుణ్ణి వదులుకున్నట్టే కదా! ముందు అతన్ని పెట్టమను." భీమన్న దగ్గరికి పోతే, "నేను మొదలు వెడితే మా హక్కు వొయినట్టే. సారును పెట్టుమను, ఎనుక నేను పెడ్త" అన్నాడు. ఆ కాగితం పట్టుకుని ఇటు నుంచి అటూ అటు నుంచి ఇటూ పధ్నాలుగు నెలలు తిరిగాను. నా చెప్పులు రెండు జతలు అరిగాయి. కాగితం మీద మాత్రం సిరా చుక్క పడలేదు.

అప్పుడప్పుడు ఇస్తారి ఫోన్ తెచ్చి చూపించేవాడు. తెరనిండా జుట్టు. "పిల్ల కనవడ్తలేదు సారు, ఎంటికలే కనవడ్తున్నయి. కండ్లల్ల వడ్తున్నయని పిలక కడితే ఇప్పేసుకుంటదట." నవ్వుతూనే చెప్పేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. తర్వాత టీ తాగబుద్ధయ్యేది కాదు.

2016 మార్చి వచ్చింది. వచ్చే నెలతో పిల్లకి మూడో ఏడు దాటిపోతుంది. అదే నెలలో మా దళాల తృతీయ వార్షికోత్సవం. రెండు దళాలకీ ముఖ్య అతిథి ఒక్కరే: హెడ్డాఫీసు నుంచి వచ్చే ముదీర్, అంటే పెద్ద మేనేజరు, సాలిం గారు. ఆయనకి రెండు సార్లు రావడానికి తీరికలేదు. అందుకని ఒకే సాయంత్రం, ఒకే మెస్సు, ఒకే వేదిక. మధ్యలో సరిహద్దుగా నేల నుంచి పైకప్పు దాకా మెరిసే పట్టు తెర. తెరకిటు హెల్మెట్‌తో ప్రసాద్ బాబు గారి నిలువెత్తు ఫ్లెక్సీ, తెరకటు హెల్మెట్‌తో భీమన్న నిలువెత్తు ఫ్లెక్సీ. కింద వరసగా ఎనిమిది సిలిండర్లు, ఒక్కొక్కదానికి బంతిపూల దండ. ఇసక బకెట్లలో కాగితం పూల మొక్కలు.

సాలిం గారు చెప్పిన టైముకే వచ్చేశారు. ఒక్క ఆ విషయంలో తప్ప మరే విషయంలోనూ ఆయన మమ్మల్ని ఇబ్బంది పెట్టలేదు. కుర్చీలో కూర్చోకముందే సాంస్కృతిక కార్యదర్శి మైకు అందుకున్నాడు. "ఇప్పుడు జ్యోతి ప్రజ్వలన!"

భీమన్న వైపు అయిదు వత్తుల ఇత్తడి దీపం. ప్రసాద్ బాబు గారి వైపు పన్నెండు కొవ్వొత్తుల స్టాండు. ముదీర్ గారి చేతికి వెలిగించిన కొవ్వొత్తి ఇచ్చాం. ఆయన దాని వంక చూసి, మా వంక చూసి, హిందీలో అడిగారు.

"మీరు నిప్పు ఆర్పేవాళ్ళు కదా?"

"అవును సార్!"

"మరి వెలిగించమంటున్నారు?"

"అది మా సంప్రదాయం సార్!" అన్నారు ఇద్దరు అధ్యక్షులూ. విడిపోయాక వాళ్ళిద్దరూ ఒకే మాట అనడం అదే మొదటిసారి. ఆయన మర్యాదస్తుడు, రెండూ వెలిగించారు. ముఖానికి చెమట పడుతోందని జెరెమియా పెద్ద ఫ్యాను ఆయనవైపు తిప్పాడు. ఫ్యాను గాలికి దీపం మంట వాలింది. వాలి, సరిహద్దు తెరని అందుకుంది.

అంతే! మూడేళ్ళ మా చరిత్రలో అదే మొదటి అగ్నిప్రమాదం. అంటించుకుంది మేమే!

నిప్పు లేనిదే పొగ రాదంటారు. పొగ వచ్చింది, నిప్పూ వచ్చింది, రానిది దళమే. మణికుమారి గారు ఒక్కగంతులో పోయి మెయిన్ స్విచ్ ఆపేశారు. "అందరూ బయటికి! చెప్పులు తర్వాత వెతుక్కోవచ్చు, బయటికి!" అని అరుస్తూ జనాన్ని తలుపుల్లోంచి తోశారు. ముదీర్ గారిని మేం వంటగది తలుపులోంచి అవతలికి సాగనంపాం. ఇంక మా పరువు పోయినా చూసేవాడు లేడని ధైర్యం వచ్చింది.

"భీమన్నా, ఆ తెర మీ వైపుది! మీ దీపం నుంచే అంటుకుంది!" అన్నారు ప్రసాద్ బాబు గారు.

"దీపం మాదే. ఫ్యాను మీది! తెర అంచు మీ దిక్కే ఉంది సారు!"

"అంచు మాదైతే కావచ్చు, మంట మీ పరిధిలో ఉంది!"

మంట ఈ వాదం వింటూ కూర్చోలేదు. పైకప్పు దాకా పాకి, అక్కణ్ణుంచి రెండు ఫ్లెక్సీలనీ సమానంగా అందుకుంది. పంపకాల్లో మాకన్నా అదే నిజాయితీగా ఉంది. తన హెల్మెట్ కాలిపోవడం చూశాక ప్రసాద్ బాబు గారు "నీళ్ళు!" అన్నారు. జెరెమియా తమ వాటా పైపుని కుళాయికి బిగించి తిప్పాడు. నీళ్ళు వచ్చాయి. పదిహేను మీటర్లు వచ్చి, చెప్పుల స్టాండు దగ్గర ఆగి, చెప్పులన్నిటినీ శుభ్రంగా కడిగాయి. భీమన్న తమ వాటా పైపు పట్టుకుని మంటకెదురుగా వీరుడిలా నిలబడి ఇత్తడి మూతి గురిపెట్టాడు. గురి అద్భుతం! నీళ్ళే లేవు.

నేను దండ తీసి పారేసి ఒక సిలిండరు ఎత్తబోయాను. "సీలు తియ్యకు పెంచలయ్యా! ఆడిట్ ఉంది!" అని ఇద్దరూ ఒక్క గొంతుతో కేకేశారు. నేను దించేశాను. ఇన్నేళ్ళ నౌకరీలో నేర్చుకున్న విద్య అది, చెబితే దించెయ్యడం. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇస్తారి ఎక్కడున్నాడంటారా? దళంలో ఏకైక సభ్యుడు కనక భోజనాల దగ్గర మజ్జిగ పొయ్యడానికి వేశారు. నాలుగువందల మందికి చేసిన మజ్జిగ, రెండు పెద్ద నీలం డ్రమ్ముల నిండా. వాడు ఎవరి అనుమతీ అడగలేదు. తడిపిన గోనెసంచి భుజాన వేసుకుని వచ్చి, కాలుతున్న తెరని కింది నుంచి పట్టి గుంజి నేల మీద పడేశాడు. గోనె కప్పి తొక్కాడు. తర్వాత బకెట్టుతో మజ్జిగ కొట్టాడు. ఒకటి, రెండు, పది, ఇరవై! అల్లం ముక్కలూ కరివేపాకూ మంటలో చిటపటలాడాయి. ఏడు నిమిషాల్లో అంతా చల్లారిపోయింది. ప్రసాద్ బాబు గారి ఫ్లెక్సీలో బూట్లు మిగిలాయి. భీమన్న ఫ్లెక్సీలో కూడా బూట్లే మిగిలాయి.

ఇస్తారి ఎడమచెయ్యి మోచేతి దాకా బొబ్బలెక్కింది. మణికుమారి గారు క్లినిక్‌లో కట్టు కడుతూ నన్ను పిలిచారు.

"పెంచలయ్య గారూ, ఈ చెయ్యి మానడానికి నెలపైనే పడుతుంది. ఇంటికి పంపమని నేను రాసిస్తాను."

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. ఆ కాగితం చూడగానే అధ్యక్షులిద్దరూ అదిరిపోయారు. "కాలిన గాయమా! గాయం రాస్తే ప్రమాదం జరిగినట్టు కాదూ? వద్దు వద్దు!" అన్నారు ప్రసాద్ బాబు గారు. "మజ్జిగ పోస్తుంటే చెయ్యి బెణికిందని రాయి సిస్టరూ" అన్నాడు భీమన్న.

"చల్లటి మజ్జిగకి బొబ్బలెక్కాయని రాయమంటారా?" అన్నారు మణికుమారి గారు. కాగితం చింపలేదు, మడిచి జేబులో పెట్టుకున్నారు.

మూడోరోజు హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మంటని సమర్థంగా ఆర్పినందుకు అభినందనలు. ఆర్పిన దళానికి కంపెనీ సాహస పతకం. ఆర్పిందెవరో వివరంగా నివేదిక పంపండి.

అంతే, ప్రమాదం కాస్తా పండగైపోయింది! ఆ రాత్రికి రాత్రే రెండు నివేదికలు తయారయ్యాయి. ఒకదాంట్లో ప్రసాద్ బాబు గారు ప్రాణాలకు తెగించి మంటల్లోకి దూకారు. రెండోదాంట్లో భీమన్న దూకాడు. రెండూ నేనే రాశాను. రెండిట్లోనూ మంట ఒకటే, దూకినవాడే వేరు. చిక్కల్లా ఇస్తారి. వాడు ఇంకా ఉమ్మడి సభ్యుడు. వాడి పేరు వస్తే పతకం ఉమ్మడిదవుతుంది. ఉమ్మడి పతకాన్ని బ్లేడుతో కోస్తే బాగుండదు.

"అసలతను దళానికి పనికొచ్చేవాడేనా?" అన్నారు ప్రసాద్ బాబు గారు మెల్లగా.

"నేనూ గదే అనుకుంటున్న సారు" అన్నాడు భీమన్న.

ఇన్నాళ్ళకి నాకు దారి దొరికింది. పధ్నాలుగు నెలల్లో నాకు తట్టిన ఒకే ఒక్క మంచి ఆలోచన అది. "అతనికి నిప్పంటే భయమని రాసి దళం నుంచి తీసేద్దాం సార్" అన్నాను. "భయస్తుడు మంట ఆర్పాడని ఎవరూ అనరు. మీరిద్దరూ చెరొక కొత్త సభ్యుణ్ణి వేసుకోవచ్చు. అదే కాగితంలో లీవ్‌కి అభ్యంతరం లేదని ఒక ముక్క కలిపేస్తాను."

"శభాష్ పెంచలయ్యా!" ఇద్దరూ నా రెండు భుజాలూ చెరొకటి తట్టారు. అవీ సమానంగానే.

మర్నాడు కాగితం టైపు చేస్తూ ఇస్తారిని పిలిచి సంగతి చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే వినబుద్ధి కాలేదు. మంట ఆర్పినవాణ్ణి ఎదురుగా నిలబెట్టి, పిరికివాడివని సంతకం పెట్టమనడం. వాడు కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అంతా విన్నాడు.

"ఇంటికి పోనిస్తరా సారు?"

"పోనిస్తారు."

"ఈ నెలనే?"

"ఈ నెలే."

"మరింక ఏందో ఒకటి రాయుండ్రి సారు. భయమనే రాయుండ్రి." నవ్వాడు. "గని అబద్ధమెందుకు? నిప్పంటే భయం గాదు. నిప్పు అంటుకున్నప్పుడు పక్కపొంటి ఈ ఇద్దరు అధ్యక్షులు ఉంటరు సూడు, గదే నాకు భయం. గట్ల రాయుండ్రి."

నేను వాడి మొహం చూశాను. హాస్యానికి అన్నాడో నిజంగా అన్నాడో తెలీదు. నేను మాత్రం అక్షరం పొల్లుపోకుండా వాడన్నదే ఇంగ్లీషులో టైపు చేశాను. జీవితంలో మొదటిసారి, ఎత్తినదాన్ని దించకుండా నిలబెట్టాను. మణికుమారి గారి జేబులోని కాగితం కూడా అడిగి తెచ్చి వెనక పిన్ను కొట్టాను. ఇస్తారి సంతకం తెలుగులో, పొడుగ్గా.

ప్రసాద్ బాబు గారు పైన "ఫిట్ కాదు" అన్న అక్షరాలు చూసి, కింద నా స్టాంపు చూసి, సంతకం పెట్టేశారు. భీమన్న ఆయన సంతకం చూసి, తనది పక్కనే కొంచెం పెద్దగా పెట్టాడు. పధ్నాలుగు నెలలు పట్టిన పని నిమిషన్నరలో అయిపోయింది! రెండు నివేదికలూ, ఈ కాగితమూ ఒకే కవర్లో అల్ ఖువైర్ హెడ్డాఫీసుకి పోయాయి.

వారం తిరక్కుండా జవాబు వచ్చింది. అధ్యక్షులిద్దరూ పతకం అనుకుని ఇస్త్రీ చొక్కాలతో ఆఫీసుకొచ్చి నిలబడ్డారు. కవరు చింపాను. రెండు నివేదికల మీదా అడ్డంగా ఒక్కొక్క గీత ఉంది, ఇంకేమీ లేదు. ఇస్తారి కాగితం మీద "మంజూరు" అని స్టాంపు ఉంది. టిక్కెట్టు కూడా అదే కవర్లో ఉంది, మార్చి ఇరవయ్యారుకి, హైదరాబాదు.

స్టాంపు కింద ముదీర్ గారి చేతిరాత. ప్రసాద్ బాబు గారు కళ్ళజోడు తెచ్చుకోలేదు, పైకి చదవమన్నారు. చదివాను.

"ఇతను చెప్పిన కారణం సమంజసం. ఆ రోజు వంటగది కిటికీ దగ్గర నిలబడి నేనూ అంతా చూశాను. నాకూ అదే భయం వేసింది."